నూట పదమూడో సినిమా, రెండో సగం

మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటలు

చిరంజీవి చీమకు,

నానమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్నకి జలుబు తగ్గింది. మీ అమ్మకి ఆసుపత్రిలో పగటి డ్యూటీ వేశారు. నా కళ్ళు ఇంకా పాత అద్దాలతోనే బాగా చదువుతున్నాయి. ఇంట్లో క్షేమంగా లేనిది ఒకే ఒక్కటి ఉంది. దాని సంగతి దాని వంతు వచ్చినప్పుడు రాస్తాను. ముందే ఆఖరి పేజీకి వెళ్ళి చదవకు. చిన్నప్పటి నుంచీ నీకు ఆ అలవాటు ఉంది.

నీ ఉత్తరం శనివారం అందింది. అందులో నువ్వు అడిగిన ప్రశ్నలు నాలుగు. వరుసగా జవాబు రాస్తున్నాను.

మొదటిది నా మోకాలు. మన మెట్లు ఇరవై రెండు. ఎక్కేటప్పుడు పద్నాలుగో మెట్టు దగ్గర ఆగుతున్నాను, దిగేటప్పుడు ఆగడం లేదు. డాక్టరు రోజూ నడవమన్నాడు. కింద మీ నాన్న కళ్ళజోళ్ళ దుకాణం నుంచి వీధి చివర పోస్టాఫీసు దాకా ఆరువందల పది అడుగులు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నడుస్తున్నాను. "డాక్టరు నడవమన్నాడు గానీ, లోపలికెళ్ళి ఉత్తరం వచ్చిందా అని అడగమనలేదు కదా అత్తయ్యా" అని మీ అమ్మ ఎకసెక్కం. అడిగితే తప్పేముంది? వాళ్ళ ఉద్యోగం అదే.

రెండోది నీ గది. ఎవరికీ ఇవ్వలేదు. మీ నాన్న ఒకసారి కళ్ళజోళ్ళ ఫ్రేముల పెట్టెలు మూడు తెచ్చి నీ మంచం మీద పెట్టాడు. అరగంటలో తీయించాను. "ఎన్నాళ్ళు ఖాళీగా ఉంచుతాం అమ్మా?" అన్నాడు. ఖాళీగా లేదు, మనిషి బయటికెళ్ళింది అన్నాను.

మూడోది నువ్వు వదిలి వెళ్ళిన గేమ్ పెట్టె. గుడ్డ కప్పి ఉండగా ఆన్ చేయొద్దన్నావు. ఆన్ చేసే ముందు గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, కుర్చీ వెనక వేస్తున్నాను. గాలి ఆడడానికి పెట్టెకీ గోడకీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం ఉంచాను. ఆ విషయంలో నీకు బెంగ అక్కర్లేదు.

నాలుగోది పెద్ద ప్రశ్న. మీ కంపెనీ కొత్తగా తయారు చేస్తున్న గేమ్ పెట్టెకి హెచ్‌డీ సినిమా డిస్కులు ఆడించే ఏర్పాటు ఉండాలా, వద్దా? నువ్వు ఉండాలంటావు. డిస్కుని లోపలికి లాక్కుని చదివే యంత్రాన్ని పరీక్షించడమే నీ ఉద్యోగం కాబట్టి నువ్వు అలా అనడంలో వింత లేదు. మీ ఆఫీసు పెద్దాయన అడిగింది నువ్వు ఉత్తరంలో రాసినట్టే మళ్ళీ రాస్తున్నాను: "ఈ రోజుల్లో డిస్కు ఎవరు వేస్తున్నారమ్మా? సినిమాలన్నీ నెట్‌లోనే ఉన్నాయి. గేమ్ ఆడుకునేవాడి నెత్తిన సినిమా యంత్రం ఎందుకు రుద్దాలి?" ఈ గురువారం జరిగే మీటింగులో ఆయనకి జవాబు చెప్పాలి, అందుకు నేను ఉత్తరాల్లో రాసి పంపిన సినిమాల జాబితా చూపిస్తానని రాశావు. "గేమ్ అంటే ఏమిటో తెలియని మా నానమ్మ పద్నాలుగు నెలల్లో ఈ పెట్టె మీద నలభై ఆరు డిస్కు సినిమాలు చూసింది, తేదీలతో సహా ఇదిగో అంటే మా పెద్దాయన ఇక నోరు మెదపడు" అని రాశావు. ఆ వాక్యం శనివారం నుంచి ఇవాళ్టి దాకా పదిసార్లు చదివి ఉంటాను.

ముందు నా అభిప్రాయం రాస్తాను. జాబితా సంగతి తర్వాత.

మీ పెద్దాయన మాట పూర్తిగా కొట్టిపారేయాల్సింది కాదు. ఆ యంత్రం వల్ల పెట్టె బరువెక్కుతుంది, చప్పుడు పెరుగుతుంది, ధర పెరుగుతుందని నువ్వే రాశావు. సినిమా అక్కర్లేని పిల్లవాడు ఆ ధర ఎందుకు పెట్టాలి? నేనూ ఒకప్పుడు ఆయనలాగే ఆలోచించాను. కాలేజీ లైబ్రరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేశాను కదా. బీరువాలో చోటు చాలక ఒక నియమం పెట్టాను: ఏడేళ్ళుగా ఎవరూ తీసుకెళ్ళని పుస్తకం తీసేయాలి. అలా తీసేసిన వాటిలో దుస్తుల కత్తిరింపు నేర్పే పుస్తకం ఒకటి ఉంది. మరుసటి నెల కుట్టుపని చేసే ఒకావిడ వచ్చింది. అదే కాలేజీలో చదివిన మనిషి.

"ఏడేళ్ళుగా దాన్ని ఎవరూ అడగలేదమ్మా" అన్నాను.

"ఈ ఏడేళ్ళూ పిల్లల్ని పెంచుతున్నాను మేడం. ఇప్పటికి తీరింది" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరూ అడగలేదనడానికీ, ఎవరికీ అక్కర్లేదనడానికీ తేడా ఉందని ఆవిడ నాకు చెప్పి వెళ్ళింది. ఆ సాయంత్రమే నియమం మార్చాను. పుస్తకాన్ని మాత్రం తిరిగి తేలేకపోయాను.

ఇప్పుడు నెట్ సంగతి. నువ్వు వెళ్ళిన మొదటి నెలలో మీ అమ్మ టీవీలో ఒక సినిమా వెతికి పట్టుకుంది. "అత్తయ్యా, ఉంది! చూసేద్దామా?" అంది. వద్దన్నాను. నెల కిందట మళ్ళీ వెతికింది. లేదు. "మొన్నటిదాకా ఇక్కడే ఉండేదే!" అని రిమోట్ అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఎవరు తీశారో, ఎందుకు తీశారో, ఎక్కడ అడగాలో తెలియదు. మా లైబ్రరీలో పుస్తకం తీసేస్తే కనీసం రిజిస్టరులో తేదీ, నా సంతకం ఉండేవి. నన్ను తిట్టుకోవడానికైనా ఆ కుట్టుపని ఆవిడకి ఒక మనిషి ఉంది.

కాబట్టి నా జవాబు ఇది. డిస్కు ఆడించే ఏర్పాటు ఉండాలి. అందరికీ కాకపోయినా, కావలసినవాళ్ళకి ఆ ఏర్పాటున్న పెట్టె దొరకాలి. నెట్‌లో ఉన్నది దానికి వీలున్నన్నాళ్ళే ఉంటుంది. డిస్కు మనకి వీలు కుదిరేదాకా కూర్చుంటుంది. నాకు తెలిసిన పెద్ద తేడా అదే. బొమ్మ ఎంత నిగనిగలాడుతుంది, మొహం మీద చెమట చుక్కలు లెక్కపెట్టొచ్చా అనేది నాకు తర్వాతి సంగతి.

మీ అమ్మ వెతికిన సినిమా ఏదని నువ్వు అడుగుతావు. నూట పదమూడోది.

దీని గురించి మీ పెద్దాయనకి చెప్పాల్సి వస్తుంది కాబట్టి, ఆయనకి అర్థమయ్యేలా మన పద్ధతి మొదటి నుంచి రాస్తున్నాను. ఆదివారం మూడింటికి సినిమా వేస్తాం. సరిగ్గా సగానికి ఆపుతాం. నువ్వు టీ పెడతావు. టీ చల్లారేలోపు ఇద్దరం చెరొక చీటీ మీద ముగింపు ఎలా ఉంటుందో ఊహించి రాసి, మడిచి, మనం చూసిన సినిమాలు రాసుకునే నా రిజిస్టరులో పెడతాం. ఇద్దరి ఊహా ఒకటే అయితే మళ్ళీ రాయాలనేది నీ నియమం. అప్పుడు రెండో సగం. నూట పన్నెండు సినిమాల్లో నా ఊహ నిజమైనవి నలభై తొమ్మిది, నీవి యాభై రెండు, ఇద్దరం తప్పినవి పదకొండు. నూట పదమూడోది నువ్వు వెళ్ళే ముందు ఆదివారం వేశాం. సగానికి ఆపి, చీటీలు రాసి పెట్టాక నీ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది, మర్నాడే బయల్దేరి వచ్చి చేరమని. ఆ తర్వాత నీ బట్టల పెట్టె సర్దడంతోనే సరిపోయింది. "రెండో సగం నేనొచ్చాకే నానమ్మా, ఒట్టు" అన్నావు. ఒట్టు పెట్టుకునే అలవాటు నాకు లేదని, మాటిస్తే చాలని అన్నాను.

ఇక జాబితా సంగతి. రెండు రోజులుగా ఈ పేరా మొదలుపెట్టి ఆపేస్తున్నాను.

చీమా, ఆ నలభై ఆరు సినిమాల్లో ఒక్కటి కూడా నేను చూడలేదు.

నువ్వు రైలెక్కిన సోమవారం నుంచి శనివారం దాకా నా చేతులకి ఏదో ఒక పని కావలసి వచ్చింది. నీ డిస్కులు ముప్ఫై ఏడూ నా ముందు వేసుకుని కూర్చున్నాను. నువ్వు వాటికి ఒక వరుసా క్రమమూ లేకుండా పెట్టి వెళ్ళావు. లైబ్రరీ పుస్తకాలకి అంటించినట్టే ఒక్కొక్క డిస్కుకీ అంకె వేసిన కాగితం చీటీ అంటించాను. అట్టపెట్టె మీద కాదు. డిస్కు మీదే. జిగురు పలచగా, అంచులు చక్కగా, గాలి బుడగ లేకుండా. ముప్ఫై ఒక్క ఏళ్ళు చీటీలు అంటించిన చెయ్యి, పని బాగానే చేసింది.

ఆదివారం మూడింటికి పెట్టె ఆన్ చేసి నూట పదమూడో సినిమా డిస్కే తీశాను. మాట తప్పుదామని కాదు. మొదటి సగమే మళ్ళీ చూసి, మనం ఆపిన చోట ఆపేద్దామనుకున్నాను. ఆ సగంలో నువ్వు ఎక్కడ నవ్వావో, ఎక్కడ "అబ్బా, వీడికి బుద్ధి లేదు" అన్నావో నాకు గుర్తున్నాయి. పెట్టె డిస్కుని లోపలికి లాక్కుంది. గర్రుమంది. ఆగింది. మళ్ళీ గర్రుమంది. అలా మూడుసార్లు. తర్వాత డిస్కు చదవలేకపోతున్నానని తెర మీద అక్షరాలు వచ్చాయి. బయటికి పంపే మీట నొక్కాను. పంపలేదు.

రెండో నెలలో, మీ నాన్న టీవీ బాగుచేసే మెకానిక్‌ని పిలిపించాడు. ఆ మనిషి పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. తర్వాత బల్ల మీదున్న మిగతా డిస్కులు చూశాడు. ఒకటి చేతిలోకి తీసుకుని నా వంక చూశాడు.

"ఈ చొక్కాలు ఎవరు తొడిగారండీ వీటికి?"

"అవి చొక్కాలు కాదు, వరుస అంకెలు."

"అంకెలు బాగున్నాయండీ. కానీ అది లోపల బొంగరంలా తిరుగుతుంది. కాగితం వేడికి లేచిపోయి చుట్టుకుని ఉంటుంది. విప్పి లాగేస్తాను. గీతలు పడితే మాత్రం నన్ననొద్దు. ఆ సినిమా పోతే ఇంకోటి చూసుకోండి."

ఇంకోటి చూసుకోమన్న మాట నాకు నచ్చలేదు. వద్దని పంపేశాను. మీ అమ్మ మెట్ల దాకా వెళ్ళి ఆయనకి ఏదో సర్దిచెప్పి వచ్చింది. "ఆయన సరిగ్గానే చెప్పాడు కదా అత్తయ్యా, ఎందుకంత కోపం?" అంది. ఆ యంత్రం విప్పడం చేతనైన మనిషి మన ఇంట్లోనే పుట్టింది, వేరేవాళ్ళ చెయ్యి పడనివ్వను అన్నాను.

నీకెందుకు చెప్పలేదంటావా? మొదటి కారణం సిగ్గు. డిస్కుని అంచులు పట్టుకుని ఎత్తాలని, తడి చెయ్యి తగలకూడదని నీకు నేర్పింది నేను. ఎనిమిదో క్లాసులో నువ్వు ఒక డిస్కుని బోర్లా పెట్టావని రెండు ఆదివారాలు సినిమా లేకుండా చేసింది నేను. అప్పుడు నువ్వు ఏడ్చావు కూడా. అలాంటి నేను ఒక్క వారంలో ముప్ఫై ఏడు డిస్కుల మీదా జిగురు పూశానని నీకు ఏ మొహం పెట్టుకుని రాయను? సరిగ్గా అప్పుడే నీ మొదటి ఉత్తరం వచ్చింది. "ఆదివారం సినిమా మానకు నానమ్మా. నువ్వు చూస్తున్నావంటే నేనూ పక్కనే ఉన్నట్టు ఉంటుంది" అని. ఆ మాటకి నేను జవాబుగా ఒక సినిమా పేరు రాశాను. పాత రిజిస్టరులో మనం ఎప్పుడో చూసిన సినిమా, కొత్త తేదీ. తర్వాతి ఉత్తరంలో మూడు రాశాను. కొన్నిటిని రెండోసారి చూసినట్టు కూడా రాశాను. అలా నలభై ఆరు అయ్యాయి. ఉత్తరం రాయడానికి కూర్చున్నప్పుడల్లా మీ అమ్మ వంటింట్లోంచి అడిగేది: "ఈ వారం ఏం చూశారని రాస్తున్నారు అత్తయ్యా? నాకూ కథ చెప్పండి." నవ్వుతూనే అనేది. నాకు సూదితో పొడిచినట్టుండేది. అయినా మానలేదు.

నీ మనసు కోసం రాసిన అబద్ధం, గురువారం నువ్వు నలుగురిలో నిలబడి చూపించే సాక్ష్యం అయింది. అది జరగకూడదు. ఫోను చేసి చెప్పొచ్చు కదా అంటావు. శనివారం నుంచి మూడుసార్లు ఫోను ఎత్తాను. నీ గొంతు వినగానే "అంతా బాగుంది" అనేస్తానని తెలిసి పెట్టేశాను. రాతలో జరిగిన తప్పు రాతలోనే దిద్దాలి. రేపు సాయంత్రానికి నీ చేతికి అందేలా దీన్ని కొరియర్లో పంపిస్తున్నాను.

మా లైబ్రరీలో తప్పు పద్దు పడితే చెరిపేవాళ్ళం కాదు, పేజీ చించేవాళ్ళం కాదు. తప్పు ఏమిటో చదవడానికి వీలుగా ఒకే ఒక్క గీత గీసి, పక్కన సంతకం చేసేవాళ్ళం. నలభై ఆరు పద్దులకీ అలాగే గీత గీసి, నలభై ఆరు సంతకాలు చేసిన జాబితా ఈ ఉత్తరంతో పాటు పెట్టాను. నీ దగ్గరున్న దాని బదులు ఇది చూపించు. నువ్వు ఓడిపోతే నా వల్ల ఓడిపోయావు. ఆ మాట నీ నోటితో అనడానికి సంకోచించకు. నేను భరిస్తాను.

జాబితా వెనక నిజమైన లెక్క రాశాను. నువ్వు వెళ్ళాక వచ్చిన ఆదివారాలు అరవై. పెట్టె ఆన్ చేసినవి అరవై. చూసిన సినిమాలు సున్నా. ప్రతి ఆదివారం మూడింటికి గుడ్డ తీసి, కుర్చీ వేసుకుని, మీట నొక్కుతాను. లోపల అది మూడుసార్లు గర్రుమంటుంది. మూడుసార్లూ నాకు ఆశ కలుగుతుంది. తర్వాత అక్షరాలు వస్తాయి. ఆపేసి, గుడ్డ కప్పి, టీ పెట్టుకుంటాను. ఇప్పటికీ చెయ్యి రెండు కప్పులు తీస్తోంది. ఒకటి లోపల పెట్టేస్తాను. మీ పెద్దాయనకి ఈ లెక్క ఎందుకు పనికొస్తుందో నాకు తెలియదు. గేమ్ ఆడిన గంటలు, సినిమా చూసిన గంటలు కొలిచే పట్టికలు మీ ఆఫీసులో ఉంటాయి కదా. ఎదురుచూసిన గంటలకి గడి ఉందేమో ఆయన్ని అడిగి చూడు. లేకపోతే లేదు.

ఇంకొక విన్నపం కూడా ఆయనకి చెప్పు. కొత్త పెట్టెకి డిస్కు ఏర్పాటు పెడితే, దాని మీద పెద్ద అక్షరాలతో రాయించమను: డిస్కులకి కాగితం చీటీలు అంటించరాదు. చదువుకున్నవాళ్ళ కోసమే రాయించమను. చదువు రానివాళ్ళు ఆ పని చెయ్యరు.

దిద్దాల్సిన తప్పు ఇంకొకటి ఉంది. అది జాబితాలో లేదు.

రెండుసార్లు సెలవు పెట్టి వస్తానని రాశావు. రెండుసార్లూ పని అడ్డొచ్చింది. రెండుసార్లూ నేను "పని ముందు, ప్రయాణం తర్వాత. ఇక్కడ నీ కోసం ఆగిపోయిందేమీ లేదు" అని జవాబు రాశాను. అది తప్పు పద్దు. ఆ వాక్యానికి ఇక్కడే గీత గీస్తున్నాను. ఆగిపోయింది. సగం దగ్గర ఆగిపోయింది. రా.

ఈ మాట ఇంతకు ముందు ఏ ఉత్తరంలోనూ నేను రాయలేదని నీకు తెలుసు. వచ్చేటప్పుడు నీ చిన్న స్క్రూడ్రైవర్ల పెట్టె తెచ్చుకో. మిగతా ముప్ఫై ఆరు డిస్కుల మీద చీటీలు తడిగుడ్డతో మెల్లగా తీస్తున్నాను. ఇప్పటికి ఇరవై ఒకటి అయ్యాయి. లోపలున్నది గీత పడకుండా బయటికొస్తే చూద్దాం. పాడైపోయి ఉంటే, నువ్వు నీ ముగింపు చెప్పు, నేను నాది చెబుతాను. ఎవరిది నిజమో తేలకపోయినా ఫర్వాలేదు.

నీ చీటీ రిజిస్టరులో మడత మడతగానే ఉంది. అరవై ఆదివారాలూ దాన్ని చేతిలోకి తీసుకున్నాను, విప్పలేదు. ఇది మాత్రం నమ్ము.

నూట పదమూడో వరుసలో తేదీ గడి ఖాళీగా ఉంచాను. ఎవరు గెలిచారో రాసే గడి కూడా ఖాళీయే. చూసినవాళ్ళు అన్న గడిలో మాత్రం ఇద్దరు అని నువ్వు వెళ్ళిన రోజే సిరాతో రాసేశాను. ఈ నాలుగు రోజుల్లో నా పద్దులు చాలా కొట్టేశాను. ఆ ఒక్కటీ నాచేత కొట్టించకు.

ఇట్లు,
రెండో కప్పు కడిగి సిద్ధంగా ఉంచిన
నీ నానమ్మ